మలేరియా సారు బండికి తొంభై రోజుల తాడ్‌పత్రి

14 నవంబర్ 1960, సోమవారం. ఉట్నూరు, ముసాఫిర్ బంగ్లా

మలేరియా సారు పొద్దున పది గంటలకు హైదరాబాదుకు పోయిండు. మూడు నెలల ట్రైనింగట. జీపు పోయింది. జీపు తోక మాత్రం ఇక్కడే ఉన్నది!

తోక అంటే సారు సొంత బండి. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మిన రెండు చక్రాల ట్రాలీ మీద భైంసా వడ్లాయనతో చెక్క గది కట్టించుకున్నడు. లోపల మంచం, మడత బల్ల, రెండు కిటికీలు, పుస్తకాల అర. వానకాలమంతా దాన్ని జీపుకు తగిలించుకొని గూడేలు తిరిగి దోమల మందు కొట్టిస్తడు, రాత్రి అందులోనే పండుకుంటడు. చలికాలం మందు కొట్టుడు లేదు. అందుకే బండిని బంగ్లా వెనక, మా అవ్వ చిక్కుడు తీగె దడి పక్కన నిలిపి బాపుకు అప్పజెప్పిండు. మా బాపు రాయమల్లు ఈ బంగ్లా చౌకీదారు. అవ్వ అంటే మా అమ్మ. నేను అనసూర్యను, ఎనిమిదో తరగతి.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ అరలో ఒక నిఘంటువు ఉన్నది! ఇటుకంత లావు. అన్ని మాటలు ఒక్క దగ్గర ఉంటయని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలే. సారు అన్నడు: "అమ్మాయ్, నేనొచ్చేసరికి చెక్క ఉబ్బకూడదు, లోపల చెమ్మ చేరకూడదు. బండిని అట్లా కాపాడావంటే ఈ పుస్తకం నీదే. అంతవరకు లోపలే కూర్చుని చదువుకో. బయటికి మాత్రం తేకు."

తాళంచెవి నా చేతిలో పెట్టిండు. తిరిగి వచ్చేది ఫిబ్రవరి 12. లెక్క పెట్టిన. సరిగ్గా తొంభై రోజులు!

జీపు దుమ్ము అణగకముందే లొల్లి మొదలైంది. బాపు అన్నడు: "సారు తాడ్‌పత్రి ఇచ్చి పోయిండు. కప్పాలె."

తాడ్‌పత్రి అంటే వాన ఆపే మైనం గుడ్డ. అది కుట్టిందే బాబు మియా కాకా. బస్సు ఆగే కాడ ఆయన దుకాణం. ఆయననే వచ్చి వద్దన్నడు.

"నా చేత్తోటి కుట్టిన మాల్‌ను నేనే వద్దంటున్న రాయమల్లూ. మైనం వెట్టిన గుడ్డకు గాలాడది. కింద చెమట వడ్తది. లక్డీ ఖరాబైతది."

"మంచు గురిస్తే ఖరాబు గాదా?"

"మంచును ఎండ తాగుతది. తాడ్‌పత్రి కింది చెమటను ఎవలు తాగుతరు, నువ్వా?"

అవ్వ నడుమ వచ్చి, "కప్పుతె కప్పుండ్రి, లేకుంటె లేదు. ఆ డబ్బ నీడ నా చిక్కుడు దడి మీద వడకుంట జూడుండ్రి" అన్నది.

నేను ఇద్దరికీ నచ్చే ఉపాయం కనిపెట్టిన. మంచు కురిసే వేళ కప్పాలె, ఎండ వచ్చినంక తీయాలె. అంతే!

నా ప్రతిజ్ఞ: సాయంత్రం 5.30 కప్పుడు. పొద్దున 8.00 తీసుడు. తొంభై రోజులు ఒక్క పూట తప్పను. తప్పిననాడు కొత్త మాట నేర్చుకోను. (ఇంతకన్నా పెద్ద శిక్ష నాకు తెలువది.)

నేటి మాట: ఆచ్ఛాదనము. కప్పు అని అర్థం.

15 నవంబర్

5.30. నిచ్చెన ఎక్కి కప్పిన. తాడ్‌పత్రి దున్న దూడంత బరువు. ఈ కొస లాగితే ఆ కొస జారింది, ఆ కొస లాగితే నేను జారిన. 25 నిమిషాలు. మోచెయ్యి గీరుకపోయింది. విజయం!

నేటి మాట: తుహినము. మంచు.

16 నవంబర్

8.00 తీసిన. 5.30 కప్పిన. 18 నిమిషాలు!

నేటి మాట: నీహారము. ఇదీ మంచే!

17 నవంబర్

14 నిమిషాలు! ఇక కళ్లు మూసుకొని కప్పుత.

నేటి మాట: ప్రాలేయము. మళ్లీ మంచే! మంచుకు ఇన్ని పేర్లున్నయి గాని, ఒక్కటి కూడా వెచ్చగ లేదు.

పొద్దున అవ్వతో "వాకిట్ల నీహారము పడింది" అన్న. అవ్వ చీపురు పట్టుకొని ఉరికొచ్చింది. "ఏం వడ్డదే? ఎవల మీద వడ్డది?"

20 నవంబర్, ఆదివారం

8.00. తాడ్‌పత్రి ఎత్తి చూస్తే కింద అంతా నీళ్లు! చుక్కలు చుక్కలుగా వేలాడుతున్నయి. పైకప్పు చెక్క మీద చెయ్యి పెడితే తడి.

బాబు మియా కాకా అటు నుంచే పోతుండు. ఆగి, ముక్కు మీద వేలు పెట్టి, నవ్వాపుకొని, చివరికి ఆపుకోలేక నవ్విండు.

"నేను జెప్పలే? బేటీ, దాన్ని కప్పినవా, కడిగినవా?"

ఫికర్ లేదు. కప్పేటప్పుడు నడుమ నాలుగు వెదురు కర్రలు పెడుత. గాలి ఆడుతది. ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. సమయం మాత్రం 28 నిమిషాలకు పెరిగింది.

24 నవంబర్

ఇది రాయొద్దనుకున్న. కాని డైరీలో అబద్ధం ఉండొద్దు.

5.00కు ఒక్క మాట కోసం బండిలోకి పోయిన. ఒక్కటే. 'ఆర్ద్రము'. తడి అని ఉన్నది. పక్కన 'ఆర్ద్ర' అని నక్షత్రం ఉన్నది. నక్షత్రం ఎందుకు తడిసిందో చూద్దామని అక్కడికి పోయిన. అక్కడి నుంచి 'కార్తె'. కార్తె నుంచి ఎక్కడికో. కిటికీ దగ్గర వెలుగు తగ్గుతుంటే ఇంకా దగ్గరికి జరుగుకుంట చదువుతున్న. ఒక్కసారే చీకటి!

పొద్దు ఇంత తొందరగా ఎట్ల గుంకిందని అనుకున్న. తర్వాత పైన అడుగుల చప్పుడు. తాడు బిగించే చప్పుడు. బాపు గొంతు: "పిల్ల యాడ వోయిందో. ఇయ్యాల మనమే కప్పుదాం, పాపం మొక్కు వెట్టుకున్నది."

"బాపూ!" అని అరిచిన.

అవ్వ: "అగో, పిలుస్తుంది. యాడున్నదో సూడు."

ఇద్దరూ బంగ్లా చుట్టూ వెతికి వచ్చిండ్రు. నేను చెక్క మీద గుద్దుకుంటనే ఉన్న. బాపు మొదలు ఎలుకలు అనుకున్నడట.

5.30కు కప్పుడు అయితే అయింది. నేను కప్పలే, నన్ను కప్పిండ్రు. నేను గీసుకున్న పట్టికలో సగం టిక్కు పెట్టిన.

26 నవంబర్

తప్పింది. మొదటిసారి. సాయంత్రం నిఘంటువు మూసేసరికి 6.40. అప్పటికే తాడ్‌పత్రి మీద మంచు. తడి దాన్ని కప్పితే ఇంకా నష్టం గదా? కాబట్టి ఇది తప్పుడు కాదు, ఆలోచన.

శిక్ష ప్రకారం ఇవాళ కొత్త మాట లేదు. పాత మాటలనే చూసుకుంట పోతుంటే మధ్యలో పదకొండు కొత్తవి కనపడ్డయి. నేను వెతుకలే. అవే వచ్చినయి.

2 డిసెంబర్

నిన్న, ఇవాళ తాడ్‌పత్రి తీయలే. కారణాలు: (1) లెక్కల పరీక్ష (2) పడిశం (3) బంగ్లాకు ఫారెస్టు సారు వచ్చిండు, పాలు తేవాలె (4) తీసినా మళ్లీ కప్పేదే గదా.

నాలుగోది చదివితే నాకే సిగ్గయింది. రేపు పొద్దున 8.00. ఖచ్చితం.

3 డిసెంబర్

బూజు!

నిఘంటువు అట్ట మీద తెల్లగ, సన్నగ, పిండి చల్లినట్టు. రెండు దినాలు గాలి లేక. అన్ని మాటలూ లోపల ఊపిరాడక ఉన్నయి, నేను పడిశమని పండుకున్న.

పొడిగుడ్డతో తుడిచిన. ఎండకు పెట్టాలె. కాని బయటికి తేవద్దని సారు మాట. కిటికీ గట్టు మీద పెట్టిన, సగం లోపల, సగం బయట. బయట ఉన్న సగానికి నేను బాధ్యురాలిని కాను. బూజు పోయింది. అట్ట మీద మరక ఉండిపోయింది, రూపాయి బిళ్లంత.

కొత్త ప్రతిజ్ఞ: ఇక అసలు కప్పను. బాబు మియా కాకా మాటే మాట. గాలి! ఎండ! తాడ్‌పత్రి మడత పెట్టి బంగ్లా వసారాలో పెట్టినం. ఎంత సుఖం! మొదలే ఇట్ల చేస్తే ఎంత బాగుండు.

8 డిసెంబర్

మబ్బు. పొద్దటి నుంచి నల్లగ. గాలి ఈదురుగ కొడుతున్నది. బడి నుంచి ఉరికొచ్చి వసారాలో తాడ్‌పత్రి అందుకున్న. అప్పుడే పక్కింటి రామవ్వ రొప్పుకుంట వచ్చింది.

"రాయమల్లూ, నీ కాల్మొక్త, జర ఆ తాడ్‌పత్రి ఇయ్యి. పత్తి అంత వాకిట్లనే ఉన్నది. రేపు భైంసాకు బండి గట్టాలె. తడిస్తె నా యాడాది కట్టం వాయె."

బాపు రామవ్వను చూడలే, నన్ను చూసిండు. "బుక్కు నీది బిడ్డా. నువ్వే జెప్పు."

బండి పైకప్పు చూసిన. రామవ్వ చేతులు చూసిన, పత్తికాయ ముండ్లు గీరి నెత్తురు పేరుకున్నయి.

"తీస్కపో అవ్వా" అన్న. తర్వాత ఏడుపొచ్చింది, అది ఆమె పోయినంకనే.

వాన గంట సేపు కొట్టింది. బాపు ఇంట్లున్న రెండు గొంగళ్లు పైకప్పు మీద పరిచి రాళ్లు పెట్టిండు. అయినా ఒక్క చోట కారింది. ఇంత పెద్ద బండిలో, సరిగ్గా అర మీద! నిఘంటువు ఒళ్లో పెట్టుకొని, దాని మీద వంగి, వీపు మీద చుక్క పడుతుంటే కూచున్న.

నేటి మాట: చూడలే. పుస్తకం తెరిస్తే తడుస్తది.

10 డిసెంబర్

వాన పోయింది. రామవ్వ పత్తి ఒక్క గింజ తడవలే. తాడ్‌పత్రి కప్పుకొని ఆమె ఎడ్ల బండి భైంసాకు పోయింది. అవును, తాడ్‌పత్రి కూడా పోయింది.

12 డిసెంబర్

బాపుకు గొప్ప ఉపాయం తట్టింది! బండిని ముట్టకుంట, పైన ఎత్తుగ పందిరి. కింద గాలి ఆడుతది, పైన మంచు ఆగుతది. కప్పినట్టూ ఉంటది, కప్పనట్టూ ఉంటది. రామవ్వ సంతోషంగ రెండు మోపుల జొన్న చొప్ప పంపింది. నాలుగు గుంజలు, పైన వాసాలు, మీద చొప్ప, అంచులు కిందిదాంక వేలాడేటట్టు. సాయంత్రానికి తయారు.

బాబు మియా కాకా చుట్టూ తిరిగి చూసి, "షాదీఖానా లెక్కున్నది. పిల్లగాడేడి?" అన్నడు.

నేటి మాట: వితానము. పందిరి, మేలుకట్టు. ఇక రోజూ కప్పుడు లేదు, తీసుడు లేదు. నా ప్రతిజ్ఞ దానంతట అదే నెరవేరుతున్నది!

19 డిసెంబర్

పందిరి లేదు.

నిన్న ఎవరో పెద్ద సారు క్యాంపుకు వచ్చిండు. మూడు బండ్లు, ఆరు ఎడ్లు. వచ్చినోళ్ల ఎడ్లను మంచి నీడకు కట్టేయాలె, అది బాపు పని. బంగ్లా వెనక అన్నిటికన్న మంచి నీడ ఎక్కడున్నది? పందిరి కింద. బాపే స్వయంగ కట్టేసిండు. కుడితి కూడా పెట్టిండు.

పొద్దున చూస్తే వాసాలు, గుంజలు. మీద ఆకాశం. ఆరు ఎడ్లు నిమ్మళంగ నెమరేస్తున్నయి.

బాపు నెత్తికి చెయ్యి పెట్టుకున్నడు. "నీడ జూసి కట్టేసిన గని, నీడ దేంతోటి జేసినమో యాది మర్సిన."

అవ్వ ఎంత నవ్విందంటే పాలు పొంగిపోయినయి.

28 డిసెంబర్

ఏం చేయలే. ఏం రాయలే.

5 జనవరి 1961

తాడ్‌పత్రి భైంసా నుంచి వచ్చింది. దూది అంటుకొని ముసలి మేక లెక్క ఉన్నది. రెండు చిరుగులు. కుట్టమని బాబు మియా కాకాకు ఇచ్చినం.

11 జనవరి

అడిగిన. "కుడుతున్న బేటీ" అన్నడు.

16 జనవరి

మళ్లీ అడిగిన. "ఇగో, అయిపాయె" అన్నడు. తాడ్‌పత్రి మీద కూచొని చాయ్ తాగుతుండు. కప్పొద్దని చెప్పే మనిషికి కుట్టుడు ఎందుకు తొందర?

17 జనవరి

ఇన్ని రోజులు నేను లోపలికే చూసిన, పైకి చూడలే. ఇవాళ కిటికీలోంచి పచ్చటి కొస ఒకటి లోపలికి తొంగి చూసింది. బయటికి పోయి చూస్తే అవ్వ చిక్కుడు తీగె! దడి దాటి, గుంజ ఎక్కి, వాసాల మీద పాకింది. సగం పైకప్పు కనపడుతలేదు.

"అవ్వా! ఇది నువ్వు ఎక్కించినవా?"

"దానికి తోవ జూపిన, అది ఎక్కింది. గుంజలు వట్టిగ నిలవడ్డయి, సూడ బుద్ధి గాలే."

"తీసేయవే! సారు వస్తె ఏమంటడు?"

"పువ్వు వట్టిన తీగెను ఎట్ల తీస్తరే? నీకు గంత పెద్ద బుక్కు సదివితె గిదే వచ్చిందా?"

దీనికి జవాబు నిఘంటువులో వెతికినా దొరికేది కాదు.

29 జనవరి, ఆదివారం

7.30. ఆకులన్నీ మంచుతో మెరుస్తున్నయి. కింద పైకప్పు మీద చెయ్యి పెట్టిన. పొడి! గోడలు పొడి! పగలు ఎండ ఆకుల సందుల నుంచి చుక్కలు చుక్కలుగా పడుతున్నది. అర దగ్గర వాసన చూసిన. బూజు లేదు.

బాపు: "సూసినవా, కప్పాలంటి."

బాబు మియా కాకా: "సూసినవా, గాలాడాలంటి."

ఇద్దరూ గెలిచిండ్రు. ఇద్దరూ చిక్కుడుకాయలు తీస్కపోయిండ్రు.

11 ఫిబ్రవరి, శనివారం

రేపు సారు వస్తడు! పట్టిక తీసి లెక్క పెట్టిన. తొంభై రోజుల్లో పూర్తిగా చేసినవి పది. ఇంకొకటి సగం.

తలుపు గొళ్లెం చుట్టూ తీగె నాలుగు చుట్లు చుట్టుకున్నది. విప్పబోతే అవ్వ అరిచింది. కిటికీలోంచి లోపలికి పోయి నిఘంటువును ఒకసారి చూసుకున్న. 'వీడ్కోలు' అనే మాట తీయలే. అర్థం తెలుసు.

12 ఫిబ్రవరి, ఆదివారం

11.15. జీపు. సారు దిగి బంగ్లా వెనకకు వచ్చి నిలబడ్డడు. ఇటు చూసిండు, అటు చూసిండు.

"రాయమల్లూ, నా బండేదయ్యా?"

బాపు చెయ్యి చూపించిండు. ఊదా పూలు, కాయలు, తేనెటీగలు. కింద రెండు చక్రాలు.

అవ్వ కొంగు నిండా కాయలతో ముందుకు వచ్చింది. "సారూ, ఇంకో ఇరువై దినాలు కాస్తది. గప్పటిదాంక కదిలియ్యకు."

"మార్చి చివరకు కదా నాకు కావాలి. కాయనీయమ్మా" అని సారు నవ్విండు. నాకు సగం ప్రాణం వచ్చింది.

తర్వాత తీగె పక్కకు జరిపి, చెక్క మీద వేలు ముడుచుకొని కొట్టి చూసిండు. టక్కుమన్నది. కిటికీలోంచి దూరి లోపల నేల తడిమిండు, అర తడిమిండు. "ఎక్కడా ఉబ్బలేదు, చెమ్మ లేదు. శభాష్ అమ్మాయ్!" అని నిఘంటువు తీసి నా వైపు చాపిండు.

తీసుకోవచ్చు. రెండు చేతులు చాపితే చాలు. కాని డైరీలో అబద్ధం ఉండొద్దన్న దాన్ని, బయట మాత్రం ఎట్ల ఉండొచ్చు? చేతులు వెనకకు పెట్టుకున్న.

"నేను కాపాడలే సారూ" అని ఈ డైరీ ఇచ్చిన.

సారు జీపు మీద కూచొని మొత్తం చదివిండు. ఎడ్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. అట్ట మీది మరక చూసిండు. రామవ్వ పత్తి ఉన్న పేజీ రెండుసార్లు తిప్పిండు.

"నిజమే. నువ్వు కాపాడలేదు. కాపాడింది తీగ. తీగ ఎవరిది?"

"మా అవ్వది."

"అయితే ఇది మీ అమ్మకే చెందాలి" అని నిఘంటువు తీసుకొనిపోయి అవ్వ చేతుల్లో పెట్టిండు!

అవ్వ కొంగులోని కాయలన్నీ కింద పోసి, చేతులు తుడుచుకొని తీసుకున్నది. బరువుకు ఒకడుగు ముందుకు తూలింది. "నాకు అచ్చరం ముక్క రాదు సారూ."

"మీ అమ్మాయికి వచ్చుగా."

అవ్వ పుస్తకాన్ని చూసింది, నన్ను చూసింది. మా అవ్వ ముఖంలో అటువంటి నవ్వు పందిరి పోయిన్నాడు మాత్రమే చూసిన.

"ఇన్నవా? బుక్కు నాది. రోజుకొక్క మాట నాకు సదివి చెప్పాలె. ఒక్కనాడు తప్పినవా, సారు బండ్లె ఏసి పంపుత."

13 ఫిబ్రవరి, సోమవారం

ప్రతిజ్ఞ: సాయంత్రం 5.30. అవ్వకు ఒక్క మాట. పది నిమిషాలు. ఒక్కనాడు తప్పను!

బాబు మియా కాకా తాడ్‌పత్రి చిరుగు నుంచి ఒక ముక్క కోసి నిఘంటువుకు గలీబు కుట్టుకొచ్చిండు. బాపు, "గలీబేస్తె గాలాడదంటివి గద?" అన్నడు. ఇద్దరూ వాకిట్లో ఇంకా దాని మీదనే ఉన్నరు.

5.30. మొదటి మాట అవ్వనే అడిగింది: చిక్కుడు. వెతికి చదివిన. "ఒక తీగె, దాని కాయ."

అవ్వ ఇంకా ఉంటదని ఎదురుచూసింది. "గంతేనా?"

"గంతే."

"గనుపు చిక్కుడేది? ఏనుగు చెవి చిక్కుడేది? తెల్ల గింజదేది, ఉడకని నల్ల గింజదేది? ఏ కార్తెల వెట్టాలె, దేని మీదికి పాకియ్యాలె, ఏం లేదా? గిది రాసినాయన చిక్కుడు తిన్నడా, లేదా? పెన్సిలు దే. నేను చెప్త, నువ్వు పక్కపొంటి రాయి."

రాసిన. అంచు నిండింది. కింద అంచు కూడా నిండింది. తలెత్తి చూస్తే 7.20, కూర మాడిన వాసన.

పది నిమిషాలు దాటింది. రేపటి నుంచి ఖచ్చితంగ పది నిమిషాలే. రేపటి మాట 'జొన్న'. పెన్సిలు ఇప్పుడే చెక్కి పెట్టుకున్న.